డాక్టరు హోమీ భాభా - అప్సర నిర్మాణము

గ్రంథాలయముల అరలలో కవుల జీవితచరిత్రలకును, దేశనాయకుల జీవితచరిత్రలకును కొరత లేదు. విజ్ఞానవేత్తల చరిత్రలు మాత్రము మన భాషలో ఇంకను తక్కువగనే యున్నవి. అందుచేత ఈ రజతోత్సవ సంచికయందు ఒక భౌతికశాస్త్రజ్ఞుని కథకు కొన్ని పుటలు లభించుట సంతోషింపదగిన విషయము. హోమీ జహంగీర్ భాభా పేరు వినని చదువరి అరుదు. అయితే ఆ పేరు చెప్పగానే కొందరికి అణ్వస్త్రమును, మరికొందరికి పెద్ద పెద్ద విద్యుత్కేంద్రములును జ్ఞప్తికి వచ్చును. నేను చెప్పదలచినది ఆ రెండింటికంటె చిన్నదైన వస్తువును గూర్చి. బొంబాయి చెంత ట్రాంబేయందు ఆయన కట్టించిన ఒక నీటితొట్టిని గూర్చి. ఆ తొట్టి ఒక్క దీపమునకైనను విద్యుత్తు నిచ్చినది కాదు. అయినను భాభా ఏమి సాధింపదలచెనో, ఎవరితో వాదము పడెనో, ఏ విషయమున ఇతరులపై నాధారపడవలసి వచ్చెనో తెలిసికొనగోరువారికి ఆ తొట్టియొద్దకు పోవుటయే దగ్గరి త్రోవ.

భాభా 1909 అక్టోబరు 30వ తేదీన బొంబాయిలో ఒక సంపన్న పారశీక కుటుంబమున జన్మించెను. తండ్రి జహంగీర్ హోర్ముస్‌జీ భాభా ఆంగ్లదేశమున చదివి వచ్చిన న్యాయవాది. తాత హోర్ముస్‌జీ భాభా మైసూరు సంస్థానమున విద్యాశాఖయందు ఉన్నతాధికారిగా పనిచేసెను. మేనత్త మెహర్‌బాయి సర్ దోరాబ్జీ టాటాకు ధర్మపత్ని. ఇనుము, ఉక్కు, జలవిద్యుత్తు మున్నగు పెద్ద పరిశ్రమలను గూర్చిన సంభాషణలు ఆ ఇంట బాలుని చెవిని పడుచుండెడివి. ఇంటియందే తాతయు తండ్రియు కూర్చిన మంచి పుస్తక భాండాగార ముండెను. శాస్త్రగ్రంథములతో పాటు చిత్రకళకు సంబంధించిన గ్రంథములును, పాశ్చాత్య సంగీతపు గ్రామఫోను పలకలును ఆ ఇంట లభించెడివి. పదునైదేండ్లు నిండకమున్నే బాలునకు శాస్త్రమునందును కళయందును సమానమైన రుచి కుదిరెను. కెథీడ్రల్ అండ్ జాన్ కానన్ పాఠశాలలోను, ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలోను, రాయల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సునందును ఆయన చదువు సాగెను.

1927లో ఆయన ఆంగ్లదేశమునకు పోయి కేంబ్రిడ్జియందు గాన్విల్ అండ్ కీస్ కళాశాలలో చేరెను. కుమారుడు యంత్రశాస్త్రము నేర్చి తిరిగివచ్చి టాటావారి ఉక్కు కర్మాగారమున ఇంజనీరు కావలెనని తండ్రియు, దోరాబ్జీయు ఆశించిరి. కుమారునకు ఆ విద్యపై మనసు నిలువలేదు. భౌతికశాస్త్రము తప్ప వేరొకటి తనకు తగదని తండ్రికి జాబు వ్రాసెను. తండ్రి కోపింపనులేదు, వెంటనే లొంగనులేదు. ఒక ఒడంబడిక చేసెను. యంత్రశాస్త్ర పరీక్షయందు మొదటి తరగతిలో నెగ్గినచో పిమ్మట గణితము చదువుటకు తానే ఖర్చు భరింతునని చెప్పెను. కుమారుడు 1930లో యంత్రశాస్త్రమునందును, 1932లో గణితమునందును మొదటి తరగతిలోనే ఉత్తీర్ణుడయ్యెను. పెద్దల మాటను త్రోసిపుచ్చక, తన కోరికను విడువక కార్యము సాధించుకొన్న ఈ నేర్పు తరువాతికాలమున మంత్రులతోను, పరదేశ ప్రభుత్వములతోను వ్యవహరించునపుడు ఆయనకు మిక్కిలి అక్కరకు వచ్చెను. ఇష్టములేక నేర్చిన యంత్రశాస్త్రమును వ్యర్థము కాలేదు. రియాక్టరు కట్టదలచినవానికి సమీకరణములు తెలిసిన మాత్రమున చాలదు. ఏ లోహము ఎంత వేడికి ఓర్చునో, ఏ గొట్టమున ఎంత నీరు పారునో కూడ తెలియవలయును.

కేంబ్రిడ్జికి అది స్వర్ణయుగము. కావెండిష్ ప్రయోగశాలకు రూథర్‌ఫర్డు అధిపతి. 1932లో అచ్చటనే చాడ్విక్ న్యూట్రానును కనుగొనెను. అదే సంవత్సరమున కాక్‌క్రాఫ్టు, వాల్టను అను నిరువురు కృత్రిమముగా వేగము కల్పించిన కణములతో పరమాణు కేంద్రకమును ఛేదించిరి. భాభా ప్రయోగములు చేయువాడు కాడు, కలము కాగితములతో పనిచేయు సిద్ధాంతి. ఆయన జ్యూరిచ్చిలో పౌలీయొద్దను, రోములో ఫెర్మీయొద్దను కొంతకాలము గడపెను. అనంతర కాలమున లోకమునందు మొట్టమొదటి రియాక్టరును నడిపినవాడు ఈ ఫెర్మీయే.

ఎలక్ట్రానును దాని ప్రతికణమైన పాజిట్రానును ఒండొంటిని తాకి చెదరు విధమును భాభా గణించెను. ఆ ప్రక్రియ నేటికిని ఆయన పేరుతోనే వ్యవహరింపబడుచున్నది. 1937లో హైట్లరుతో కలిసి విశ్వకిరణ వర్షములకు కారణము చెప్పెను. ఆకాశమునుండి మహావేగముతో వచ్చు ఒక్క ఎలక్ట్రాను వాయుమండలమున ప్రవేశించి ఒక కిరణమును విడుచును. ఆ కిరణము రెండు కణములుగా మారును. అవి మరల కిరణములను విడుచును. ఈ విధముగా ఒకటి రెండై, రెండు నాలుగై, నేలను చేరునప్పటికి కణముల జల్లుగా మారును. ఒకటి పలుమడుగులై పెరుగుటయను ఈ లక్షణము రియాక్టరునందును వేరొక రీతిని కనిపించును. అయితే అచ్చట పెరుగుదలను మనుష్యుడు తన యిచ్చవచ్చిన మేరకు నిలుపవలసి యుండును.

1939లో ఆయన సెలవుపై స్వదేశమునకు వచ్చి యుండగా యూరపులో రెండవ ప్రపంచయుద్ధ మారంభమయ్యెను. తిరిగి పోవుటకు వీలులేక బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సునందు రీడరుగా చేరెను. అచ్చట సర్ చంద్రశేఖర వేంకటరామన్ భౌతికశాస్త్ర శాఖాధిపతిగా నుండెను. 1941లో భాభా లండను రాయల్ సొసైటీకి సభ్యుడుగా ఎన్నుకొనబడెను. అప్పటి కాయన వయస్సు 31 సంవత్సరములు. యుద్ధము ముగియగనే మరల కేంబ్రిడ్జికి పోవలెనని మొదట తలచినవాడు, బెంగుళూరులో గడపిన కాలమున మనసు మార్చుకొనెను. తగిన సదుపాయములు కల్పింపబడినచో స్వదేశముననే నిలిచి, ఇతర దేశములలోని పరిశోధనాలయములకు సాటివచ్చు ఒక పీఠమును నెలకొల్పుట తన ధర్మమని నిశ్చయించుకొనెను.

ఈ నిశ్చయమునకు ఫలము 1944 మార్చి 12వ తేదీన దోరాబ్జీ టాటా ధర్మనిధికి ఆయన వ్రాసిన లేఖ. మౌలిక పరిశోధనకు ఒక సంస్థ కావలెనని దానియందు కోరెను. కొన్ని దశాబ్దములకు పరమాణు శక్తినుండి విద్యుత్తు తీయుట సాధ్యమైనపుడు మనదేశము నిపుణులకొరకు పరదేశముల వంక చూడనక్కర లేకుండ, వారు ఇంటనే సిద్ధముగా నుందురని అందు సూచించెను. ఆ లేఖ వ్రాసిన 17 నెలలకు గాని హిరోషిమాపై బాంబు పడలేదు. పరమాణు శక్తి యనునది సామాన్య లోకమునకు వినబడని దినములలో, అప్పటికింకను పరుల యేలుబడిలో నున్న దేశమున ఒక యువకుడు ఇట్లు యోచించుట ఆశ్చర్యము. ఆయన అడిగినది యంత్రమును కాదు, మనుష్యులను తయారుచేయు స్థలమును. ఈ భేదమును చదువరులు గమనింపవలెనని నా కోరిక.

ధర్మనిధివారు అంగీకరించిరి. 1945లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రిసర్చి బెంగుళూరులో ఆరంభమై, ఆ సంవత్సరాంతముననే బొంబాయికి మార్పబడెను. పెడ్డర్ రోడ్డునందు ఒక బంధువునకు చెందిన భవనములో కొంత భాగమే అచ్చట దాని తొలి నివాసము. స్వాతంత్ర్యము వచ్చిన మరుసటి యేట, 1948 ఆగస్టులో, అణుశక్తి సంఘ మేర్పడెను. భాభా అధ్యక్షుడు, కె. ఎస్. కృష్ణన్, శాంతిస్వరూప్ భట్నాగర్ సభ్యులు.

ఈ ఏర్పాటును దేశమందలి శాస్త్రజ్ఞు లందరును మెచ్చలేదు. కలకత్తాలోని మేఘనాథ సాహా ఘనుడైన భౌతికశాస్త్రజ్ఞుడు. నక్షత్రముల కాంతినిబట్టి వాని స్థితిని తెలిసికొను సూత్రమును లోకమునకిచ్చినవాడు. దేశమున పరిశ్రమలును, శిక్షణ పొందినవారును లేకుండ ప్రత్యేక సంఘ మేర్పరచుట తొందరపాటనియు, ముందు విశ్వవిద్యాలయములలో కేంద్రకభౌతికమును పెంపొందింపవలెననియు ఆయన వాదించెను. పిమ్మట పార్లమెంటు సభ్యుడై, అణుశక్తి శాఖయందలి రహస్యపాలనను సభలోనే విమర్శించెను. భాభా వాదము వేరు. చెదరియున్న విశ్వవిద్యాలయములయందు ఇట్టి పని ముందుకు సాగదనియు, సమర్థులను ఒకచో చేర్చి వారికి కావలసినది సమకూర్చినచో శీఘ్రముగా ఫలము కలుగుననియు ఆయన నమ్మెను. ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ స్నేహము భాభాకు పెట్టని కోటయయ్యెను. సాహా మాట చెల్లలేదు. నిష్పక్షపాతముగా చూచినచో ఇరువురి మాటలయందును సత్యమున్నది. ట్రాంబే వృద్ధిపొందెను, అదే వేగముతో మన విశ్వవిద్యాలయముల ప్రయోగశాలలు వృద్ధిపొందలేదు. రహస్యమును గూర్చి సాహా అడిగిన ప్రశ్న ఎంత ముఖ్యమైనదో తరువాత తెలియవచ్చెను. దానిని ముందు చెప్పుదును.

ఇక రియాక్టరన నేమి? యురేనియము పరమాణువులలో 235 సంఖ్యతో గుర్తింపబడునది ప్రకృతిసిద్ధమైన యురేనియమున వేయింట ఏడు పాళ్లు మాత్రమే యుండును. దానిని ఒక న్యూట్రాను తాకినపుడు అది సాధారణముగా రెండు తునుకలై, వేడిని వెలువరించి, రెండు మూడు క్రొత్త న్యూట్రానులను విడుచును. అవి మరికొన్నింటిని ఛేదించును. ఇదియే శృంఖలాచర్య. న్యూట్రానుల వేగము తగ్గించినగాని వానికి ఈ ఛేదనశక్తి చక్కగా నుండదు. అందులకు నీరు గాని, భారజలము గాని, గ్రాఫైటు గాని నడుమ నుంచవలెను. న్యూట్రానులను మింగివేయు కాడ్మియము వంటి లోహపు కడ్డీలను లోనికి దించినచో చర్య ఆగును. పైకి లాగినచో సాగును. 1942 డిసెంబరు 2వ తేదీన చికాగోలో ఒక క్రీడారంగపు మెట్లక్రింద ఫెర్మీ ఈ చర్యను మొదటిసారి నడిపి, ఆపి చూపెను. విద్యుత్తునకై కట్టు రియాక్టరున వేడిమి ముఖ్యము. పరిశోధనకై కట్టు రియాక్టరున వేడిమి వట్టి ఉపద్రవము. న్యూట్రానులే దాని పంట.

1954లో ట్రాంబే పరిశోధన కేంద్ర మారంభింపబడెను. ఒక వంక కొండ, మరియొక వంక సముద్రము, ఎదుట ఎలిఫెంటా ద్వీపము గల మనోహరమైన తావది. 1955 మార్చిలో అచ్చట ఈతకొలను వంటి రియాక్టరును కట్టుటకు నిశ్చయము జరిగెను. ఆ జాతి రియాక్టరును ఎన్నుకొనుట భాభా వివేకమునకు సాక్ష్యము. దానియందు నీరు ఒక్కటియే మూడు పనులు చేయును: న్యూట్రానుల వేగము తగ్గించును, ఇంధనమును చల్లబరచును, పై నున్నవారికి కిరణములు సోకకుండ కవచమగును. పైనుండి చూచినచో అడుగువరకు కనిపించును. నేర్చుకొనువారికి ఇంతకంటె అనుకూలమైనది లేదు. తొట్టి పొడవు 8.4 మీటర్లు, వెడల్పు 2.9 మీటర్లు, లోతు 8 మీటర్లు. ఇంధనపు పలకల పేర్పు పైన నున్న బండికి వ్రేలాడుచు, ప్రయోగము ననుసరించి తొట్టిలో ఒక చోటనుండి మరియొక చోటికి జరుపుటకు వీలుగా నుండెను. తొట్టి గోడలో అమర్చిన గొట్టముల గుండ న్యూట్రానుల ధారను వెలుపలికి తీసికొనవచ్చును. దాని గరిష్ఠశక్తి ఒక మెగావాటు.

రియాక్టరును కొనుటకు అప్పుడు వీలు లేకపోలేదు. పెద్ద దేశములు చిన్నవానికి అమ్మజూపుచునే యుండెను. భాభా మాత్రము ఇంధనము తప్ప మిగిలినదంతయు ఇచ్చటివారే రచించి, ఇచ్చటనే చేయవలెనని పట్టుపట్టెను. ఇంధనము మాత్రము మనకు సాధ్యము కాలేదు. 235 పాళ్లు పెంచిన యురేనియమును తయారుచేయు శక్తి నాడు మనకు లేదు. దానిని బ్రిటిష్ అణుశక్తి సంస్థ ఇచ్చెను. కేంబ్రిడ్జినాటి పరిచితుడైన కాక్‌క్రాఫ్టు అప్పుడు బ్రిటిష్ అణుపరిశోధనయందు ముఖ్యుడు. విద్యార్థిదశలోని స్నేహములు రాజ్యముల ఒడంబడికలకంటె ముందు పనిచేయుట భాభా జీవితమున పలుమారు కాననగును.

తొట్టి కట్టుట కష్టము కాదు. దానిని అదుపులో నుంచు కన్నులును చేతులును సమకూర్చుటయే కష్టము. లోపల న్యూట్రాను లెన్ని యున్నవో క్షణక్షణము లెక్కించుట, హద్దు మీరినచో మనుష్యుని ఆజ్ఞకై వేచియుండక కడ్డీలను తటాలున జారవిడుచుట ఎలక్ట్రానికు పరికరముల పని. ఆ నియంత్రణ వ్యవస్థను నిర్మించిన బృందమునకు నాయకుడు అయ్యగారి సాంబశివరావు. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు గ్రామమున 1914లో జన్మించి, కాశీ విశ్వవిద్యాలయమునందును, అమెరికాలోని స్టాన్‌ఫర్డునందును చదివినవాడాయన. మనవాడని చెప్పుకొనుటకు మాత్రమే ఈ పేరు ఎత్తుటలేదు. రేడియో మరమ్మతునకు సైతము విడిభాగములు పరదేశమునుండి రావలసిన రోజులలో ప్రాణరక్షకమైన పరికరములను ఇచ్చటివారిచే చేయించుట సామాన్య సాహసము కాదు. ఆ పరికరముల పనివారే కాలక్రమమున పెరిగి, 1967లో హైదరాబాదునందు ఎలక్ట్రానిక్స్ కార్పొరేషనుగా రూపొందిరి. సాంబశివరావు దానికి ఆద్యుడు. ఆయన పేరిట నేడు ఆ నగరమున ఒక పేటయే యున్నది. ట్రాంబే తొట్టి యొడ్డున మొదలైన పని హైదరాబాదులో వేలమందికి జీవనాధారమైనది.

నిశ్చయమునకును సిద్ధికిని నడుమ గడచినది ఏడాదిన్నరకు లోపే. 1956 ఆగస్టు 4వ తేదీ మధ్యాహ్నము 3 గంటల 45 నిమిషములకు శృంఖలాచర్య తనంతట తాను నిలిచెను. సోవియట్ దేశమును మినహాయించినచో ఆసియా ఖండమున అదియే మొదటి రియాక్టరు. 1957 జనవరి 20వ తేదీన నెహ్రూ ట్రాంబే కేంద్రమునకు ప్రారంభోత్సవము చేసి, ఈ రియాక్టరునకు అప్సర యని నామకరణము చేసెను. రియాక్టరు పూర్తిశక్తితో పనిచేయునపుడు నీటి అడుగున నీలికాంతి ప్రసరించును. నీటిలో కాంతి నడచు వేగముకంటె హెచ్చు వేగముతో ఎలక్ట్రానులు దూసికొనిపోవుట దానికి కారణము. కనుగొనినవాని పేరిట దానిని చెరెన్‌కోవ్ కాంతి యందురు. నీటినుండి పుట్టిన అప్సరసల కథ తెలిసినవారికి ఆ పేరు ఎంత పొసగినదో వేరుగ చెప్పనక్కరలేదు. పాలకడలిని త్రచ్చినపుడు అప్సరసలతో పాటు హాలాహలమును పుట్టెనను సంగతి ఆనా డెవరికైనను స్ఫురించెనో లేదో చెప్పజాలను.

అప్సరవలన కలిగిన ప్రయోజనములు పల్లెటూరి చదువరికి సైతము సులభముగా బోధపడునవే. ఏదైన పదార్థమును రియాక్టరులో నుంచినచో దాని పరమాణువులు కొన్ని న్యూట్రానులను గ్రహించి రేడియో ధార్మికములగును. వానినే రేడియో ఐసోటోపు లందురు. అవి నిరంతరము తమ ఉనికిని చాటుచునే యుండును గనుక, ఎచ్చటికి పోయినను పరికరముతో పసికట్టవచ్చును. గొంతునందలి థైరాయిడు గ్రంథి అయొడినును లాగుకొను స్వభావము కలది. రేడియో ధార్మిక అయొడినును అతిస్వల్పముగా రోగికి ఇచ్చి, గ్రంథి ఎంత గ్రహించెనో కొలిచి వ్యాధిని నిర్ణయింతురు; కొంత హెచ్చుగా ఇచ్చి కొన్ని వ్యాధులను చికిత్స చేయుదురు. ఈ అయొడిను ఎనిమిది దినములలో సగమై, పదునారు దినములలో పాతికయై తరిగిపోవును. లండనునుండి ఓడపై తెప్పించినచో బొంబాయి చేరులోపల చాలవరకు హరించును. కొన్ని మందులు ఎంత ధనమున్నను దూరమునుండి కొనుట కష్టమనియు, రియాక్టరు చేరువనే యుండవలెననియు దీనివలన తెలియును. భాభా స్వయంపోషణను గూర్చి పట్టుపట్టుటను కొందరు అహంకారమని భావించిరి. ఐసోటోపుల ఆయుఃప్రమాణమును చూచినవారికి అది కేవలము అహంకారముగా తోపదు.

సేద్యమునకును ఇది ఉపకరించును. రైతు వేసిన సూపరు ఫాస్ఫేటులో భాస్వరమును పైరు ఎంత తినెను, నేలలోనిది ఎంత తినెను అని వేరుపరచుట పూర్వము దుస్సాధ్యము. భాస్వరమంతయు ఒక్కరీతిదే కదా. ఎరువునందలి భాస్వరమునకు రేడియో ధార్మికమైన ముద్ర వేసి చల్లినచో, ఆకును కోసి కొలిచినంతనే ఎరువు వాటా ఎంతయో తేలిపోవును. ఎరువును పైపైన వేయవలెనా, వేరుచెంత పాతవలెనా, ఏ వయసున వేయవలెను అను ప్రశ్నలకు ఈ విధముగా సమాధానములు లభించును. కొనుగోలు ఎరువు వృథా కాకుండుట మన రైతునకు ఎంత లాభమో నేను చెప్పవలసిన పనిలేదు.

మరియొక ఉదాహరణము ఇంకను విచిత్రమైనది. బొంబాయి రేవులో ఓడల దారి పూడిపోకుండ ఏటేట బురదను త్రవ్వి దూరముగా సముద్రమున పారవేయుదురు. ఆ బురద అలలతో మరల వెనుకకు వచ్చుచున్నదా యను సందేహము కలదు. బురదనంతయు ఎవడు గుర్తుపట్టగలడు? 1959లో స్కాండియము అను లోహపు రేడియో ఐసోటోపును బురదతో పాటు కదలునట్టి రూపమున సముద్రగర్భమున విడిచి, పడవలనుండి పరికరములను దించి దాని జాడ పట్టిరి. బురదను ఎచ్చట పోయవలెనో నిర్ణయించుటకు అది ఆధారమయ్యెను. చేతికందని దానిని వెంబడించుటకు న్యూట్రానులు నేర్పిన ఉపాయమిది.

భౌతికశాస్త్రజ్ఞులకు కావలసినది న్యూట్రానుల ధారయే. ఎక్సు కిరణములు స్ఫటికములో ఎలక్ట్రానులను చూచును. ఒకే ఎలక్ట్రాను గల హైడ్రోజను వానికి సరిగా కనబడదు. న్యూట్రానులు కేంద్రకమును చూచును గనుక హైడ్రోజను స్థానమును చక్కగా తెలుపును. రాజా రామన్న ఆధ్వర్యమున అప్సరయొద్ద యురేనియము చీలు విధమును పరిశోధించిరి. పి. కె. అయ్యంగారు మున్నగువారు న్యూట్రానుల పరిక్షేపణను అభ్యసించిరి. పరికరము కావలసినచో దుకాణమునకు పోక, తామే చేసికొనుట వారికి అలవాటయ్యెను. 1957లో ట్రాంబేయందు శిక్షణ పాఠశాల వెలసెను. ఏటేట క్రొత్త పట్టభద్రులు అచ్చట చేరి, అప్సరపై చేయి త్రిప్పి, తరువాత పెద్ద రియాక్టరుల యొద్దకు పోయిరి. 1944 నాటి లేఖలోని కోరిక ఈ విధముగా నెరవేరెను.

రెండవ రియాక్టరు కథ ఇంత నిర్మలము కాదు. కొలంబో పథకము క్రింద కెనడా సాహాయ్యముతో కట్టిన సైరస్ 1960 జూలై 10వ తేదీన పని ఆరంభించెను. దాని శక్తి 40 మెగావాట్లు. భారజలము అమెరికా ఇచ్చెను. ఇంధనము ప్రకృతిసిద్ధమైన యురేనియమే గనుక, మొదటి పేర్పులో సగము ట్రాంబేయందే తయారయ్యెను. ఐసోటోపులకును, న్యూట్రాను పరిశోధనకును సైరస్ అప్సరకంటె ఎన్నోరెట్లు ఉపకరించెను. అయితే అట్టి రియాక్టరున కాలిన యురేనియమునుండి ప్లుటోనియము లభించును. 1964లో దానిని వేరుచేయు కర్మాగారమును ట్రాంబేయందు సిద్ధమయ్యెను. భాభా లెక్కలో ప్లుటోనియము విద్యుత్తునకు మెట్టు: యురేనియమునుండి ప్లుటోనియము, ప్లుటోనియముతో థోరియమునుండి క్రొత్త యురేనియము, ఈ విధముగా కేరళ మొదలగు తీరముల ఇసుకలోని థోరియమును వాడుకొనవలెనని ఆయన మూడంచెల పథకము. కాని అదే ప్లుటోనియము ఆయుధమునకును పనికివచ్చును. 1964 అక్టోబరులో చైనా అణ్వస్త్రమును పరీక్షించిన కొద్దిదినములకు ఆయన రేడియోలో ప్రసంగించి, నిరాయుధీకరణమును కోరుచునే, అణ్వస్త్రముల ఖర్చు స్వల్పమని లెక్క చెప్పెను. 1974లో పోఖ్రానునందు జరిగిన ప్రయోగమునకు ప్లుటోనియము సైరస్‌నుండియే వచ్చెను. శాంతి ప్రయోజనములకని ఇచ్చినదానిని ఇట్లు వాడుట తగదని కెనడా అణు సహకారమును ఆపివేసెను. అప్పటికి భాభా లేడు. ఆయన బ్రదికియున్నచో ఏమనియుండెడివాడో ఊహించుట నాపని కాదు. పరిశోధన రియాక్టరునకు ఒక్కటే ముఖము లేదనియు, రహస్యమును గూర్చి సాహా అడిగినది వట్టి ఈర్ష్య కాదనియు మాత్రము చెప్పక తప్పదు.

1955 ఆగస్టులో జెనీవాయందు ఐక్యరాజ్యసమితి పక్షమున జరిగిన శాంతియుత అణుశక్తి మహాసభకు భాభా అధ్యక్షుడయ్యెను. అంతవరకు దాచియుంచిన విషయములను పలుదేశములవారు అచ్చట వెల్లడించిరి. హైడ్రోజను కేంద్రకముల కలయికనుండి శక్తి తీయు ఉపాయము రెండు దశాబ్దములలో దొరకునని ఆయన అధ్యక్షోపన్యాసమున జోస్యము చెప్పెను. ఏడు దశాబ్దములు గడచినను ఆ విధముగా విద్యుత్తు నిచ్చు కేంద్రము వెలయలేదు. ఆయన అంచనాలు తరచు ఆశకు దగ్గరగా నుండెడివి. అప్సర విషయమున మాత్రము అంచనా తప్పలేదు.

ఆయన వివాహము చేసికొనలేదు. చిత్రములు వ్రాసెను, సహాధ్యాయుల ముఖములను గీసెను, పాశ్చాత్య సంగీతమును ప్రాణప్రదముగా వినెను. భవనము కట్టునపుడు చెట్టు అడ్డము వచ్చినచో చెట్టును నరకుటకు ఒప్పుకొనక, వేళ్లతో పెకలించి వేరొకచోట నాటించెడివాడు. ట్రాంబేయందు గులాబి తోటలను, కొలాబాలోని తన పరిశోధనాలయమున సమకాలిక చిత్రకారుల చిత్రములను నెలకొల్పెను. ప్రయోగశాల సుందరముగా నుండవలెనను ఈ పట్టుదల ప్రజాధనపు దుబారాయని కొందరు గొణగిరి. పాడుబడిన గదిలో కూర్చున్నవారికి గొప్ప ఆలోచనలు రావని కాదు గాని, మన ప్రభుత్వ కార్యాలయములను చూచి విసిగినవారికి భాభా పక్షమే నచ్చును.

1966 జనవరి 24వ తేదీన ఆయన వియన్నాలో అంతర్జాతీయ అణుశక్తి సంస్థవారి సమావేశమునకు పోవుచుండగా, ఎయిర్ ఇండియా విమానము ఆల్ప్సు పర్వతములలోని మోబ్లాం శిఖరమునకు తగిలి కూలిపోయెను. అందున్న 117 మందిలో ఒక్కరును మిగులలేదు. ఆయన వయస్సు 56 సంవత్సరములు. తారాపూరులోని మొదటి విద్యుత్కేంద్రము అప్పటికింకను నిర్మాణదశలోనే యుండెను. మరుసటి యేట 1967 జనవరిలో ఇందిరాగాంధీ ట్రాంబే కేంద్రమునకు భాభా పేరు పెట్టెను. 1971లో హైదరాబాదునందు స్థాపింపబడిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సు విద్యుత్కేంద్రములకు ఇంధనము తయారుచేయుచున్నది. 1985లో 100 మెగావాట్ల ధ్రువ పని ఆరంభించెను. ఆసుపత్రులకు కావలసిన ఐసోటోపులు దానినుండి లభించుచున్నవి. సైరస్ 2010 డిసెంబరు 31వ తేదీన శాశ్వతముగా మూయబడెను.

అప్సర 53 సంవత్సరములు పనిచేసి 2009లో విశ్రమించెను. 2018 సెప్టెంబరు 10వ తేదీన ట్రాంబేయందే దానికి రెట్టింపు శక్తి గల క్రొత్త అప్సర పని మొదలిడెను. ఆ రియాక్టరు ఇంధనపు పలకలు ఇచ్చటనే తయారైనవి.